ఎగురుపడవల కాలముపై మమకారము

కొలది నెలల క్రిందట పాఠము ముగించి నేను తరగతినుండి వెలువడుచుండగా ఒక విద్యార్థి ఎదురై తన ఫోనులోని చిత్రమొకటి చూపెను. అందొక భోజనశాల. బల్లలపై తెల్లని గుడ్డలు, పింగాణి పాత్రలు, వడ్డించుటకు నిలిచిన సేవకులు, తీరికగా కూర్చున్న స్త్రీపురుషులు. చూచినంతనే ఓడయని తోచును. కాని అది విమానము. 1939లో అట్లాంటిక్ మహాసముద్రమును దాటిన పాన్ అమెరికన్ సంస్థవారి బోయింగ్ 314. “ఇంత బాగున్న ప్రయాణాన్ని ఎందుకు మానేశారు మాస్టారూ?” అని ఆ బాలుడడిగెను. ప్రశ్న చిన్నది. సమాధానము చెప్పబోగా అది విమానముల కథగా మాత్రమే మిగులలేదు. మనము గతమును తలచుకొను తీరును, నేడు మన ప్రభుత్వములు చేయుచున్న ఒక ప్రయత్నమును కూడ అది స్పృశించెను. గంట మ్రోగుటచే ఆనాడు సగములో ఆగిన మాటను ఇచ్చట పూర్తి చేయుచున్నాను.

ఆ ప్రశ్న కేవలము చరిత్రకు సంబంధించినది కాదు. 2024 ఆగస్టు 22న కేంద్రప్రభుత్వము నీటివిమానములను నడుపుటకు నూతన మార్గదర్శకములను వెలువరించెను. నవంబరు 9న విజయవాడ పున్నమిఘాటు వద్ద కృష్ణపైనుండి లేచిన చిన్న విమానమొకటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మొదలగువారితో శ్రీశైల జలాశయమున దిగెను. మరి రెండు దినములకు కేరళమున కొచ్చినుండి మున్నారు చెంతనున్న మాట్టుపెట్టి జలాశయము వరకు అట్టి ప్రదర్శనయే జరిగెను. చిత్రములను చూచిన మనమందరము ముచ్చటపడితిమి. ఆ ముచ్చటలో క్రొత్తదానిపై ఆసక్తి కొంత, పాతదానిపై మమకారము కొంత. ఐర్లండులోని ఫోయిన్స్‌లోను, ఇంగ్లండులోని సౌతాంప్టనులోను, న్యూజీలండులోని ఆక్లండులోను ప్రదర్శనశాలలు ఎగురుపడవల జ్ఞాపకములను భద్రపరచినవి. జపాను దర్శకుడు హయావో మియాజాకి 1992లో నీటివిమానముల వైమానికుని కథానాయకునిగా చేసి ‘పోర్కో రొస్సో’ అను చిత్రమునే తీసెను. ఈ మమకారము తప్పు కాదు. కాని అది దేనిని చూపి దేనిని దాచుచున్నదో మనమెరుగనిచో, క్రొత్త పనులకు అది చెడ్డ సలహాదారు కాగలదు.

నీరు బాటయైన దినములు

మొదట ఒక భేదమును తెలిసికొనవలెను. నీటివిమానములు రెండు విధములు. సామాన్య విమానమునకు క్రింద పడవలవంటి రెండు బోలుపెట్టెలు బిగించినచో వానిపై అది నీట తేలును. విమానపు ఒడలు నీటిని తాకదు. శ్రీశైలమున దిగినది ఈ జాతిది. రెండవ విధమున విమానపు ఒడలే పడవ. దాని అడుగుభాగము ఓడవలె నీటిని చీల్చుకొనిపోయి, వేగము హెచ్చగానే పైకి లేచును. ఇదియే ఎగురుపడవ. మమకారమంతయు దీనిపైననే.

1910 మార్చి 28న ఫ్రాన్సు దేశీయుడు హెన్రీ ఫాబ్రె నీటిపైనుండి తొలిసారి విమానమును లేపెను. 1914 జనవరి 1న అమెరికాలోని ఫ్లారిడాలో సెంట్ పీటర్స్‌బర్గునుండి టాంపాకు ఒక చిన్న ఎగురుపడవ ఒకే ఒక ప్రయాణికుని ఎక్కించుకొని 23 నిమిషములలో పోయెను. నియమిత వేళలకు నడచిన విమాన సర్వీసులలో లోకమున అదియే మొదటిది. అనగా ప్రయాణికుల విమానయానము పుట్టినది నేలమీద గాదు, నీటిమీద. అది నాలుగు మాసములు మాత్రమే నడచెను. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. తరువాత మరల దీనితో పని గలదు.

నీరే ఎందులకు? దూరము పోవలెనన్న విమానము అధికముగా ఇంధనమును మోయవలెను. బరువు పెరిగినకొలది నేలనుండి లేచుటకు పొడవైన గట్టి బాట కావలెను. అట్టి బాటలు ఆనాడు లోకమున మిక్కిలి అరుదు. విమానములు దిగునవి పెక్కుచోట్ల గడ్డిబయళ్లు. వానకాలమున అవి బురదలు. నీరన్ననో, నదియో చెరువో రేవో రూపమున అంతటను ఉన్నది. దానిని ఎవరును పరచనక్కరలేదు, చదును చేయనక్కరలేదు. సముద్రముపై యంత్రము చెడినచో దిగి తేలవచ్చునను ధైర్యమొకటి. ఎగురుపడవ విలాసముకొరకు పుట్టలేదు. బాటలు లేని లోకమున అవసరము దానిని పుట్టించెను.

బ్రిటిషు ప్రభుత్వము 1934 డిసెంబరులో ఒక పథకమును ప్రకటించెను. సామ్రాజ్య దేశములకు పోవు ఉత్తరములన్నియు అర్ధ ఔన్సుకు ఒకటిన్నర పెన్నీ రుసుముతో విమానముననే పోవలెనని దాని ఉద్దేశము. అందులకై ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సంస్థ షార్ట్ సోదరుల కర్మాగారమునకు ఒకేసారి 28 ఎగురుపడవలు చేయుమని చెప్పెను. వానిలో మొదటిదగు ‘కెనోపస్’ 1936 జూలైలో ఎగిరెను. నాలుగు ఇంజనులు, సుమారు 18 టన్నుల బరువు, 24 మంది ప్రయాణికులు, గంటకు నూట అరువది మైళ్లకు పైబడిన నడక. లోపల ఒక గదిలో ప్రయాణికులు లేచి నిలిచి, మోచేతులు కమ్మీపై ఆనించి, కిటికీలగుండ భూమిని చూచుటకు వీలుండెను. ఆనాటివారు విమానము ఎక్కి భూమిని మరచిపోలేదు. భూమిని చూచుటకే కిటికీ కడకు పోయిరి.

ఆ దారిని నేను తరగతిలో పటముపై గీచి చూపితిని. సౌతాంప్టనునుండి మార్సెయ్, రోము, బ్రిండిసి, ఏథెన్సు, అలెగ్జాండ్రియా; పిదప గలిలీ సరస్సుపై టైబీరియస్, ఇరాకులో బస్రా, పర్షియా సింధుశాఖ తీరమున బహ్రైను, దుబాయి; ఆ మీద కరాచి. అచ్చటినుండి రాజస్థానములోని రాజసముద్రము చెరువు, గ్వాలియరు, అలహాబాదు, కలకత్తా. పిమ్మట అక్యాబు, రంగూను, బాంకాకు, పినాంగు, సింగపూరు. తుదకు ఆస్ట్రేలియాలోని సిడ్నీ. 1938లో ఈ దారి ఆ కొసవరకు పూర్తయ్యెను. ప్రయాణము పగలు మాత్రమే. రాత్రులు రేవులలోని హోటళ్లలో విశ్రాంతి. మొత్తమునకు సుమారు పది దినములు.

ఈ దారిలో రాజసముద్రము పేరు చదివినప్పుడు నేనొక నిమిషము ఆగితిని. పదునేడవ శతాబ్దమున మేవాడు మహారాణా రాజసింహుడు కరవుకాలమున ప్రజలకు పని కల్పించుటకు త్రవ్వించిన చెరువది. ‘రాజప్రశస్తి’ యను సంస్కృత మహాకావ్యమును శిలాఫలకములపై చెక్కించి దాని కట్టపై నిలిపిరి. కూడు లేనివారు మట్టి మోసి కట్టిన చెరువు, రెండున్నర శతాబ్దములు గడచిన పిదప దొరల ఎగురుపడవలకు దిగుడురేవయ్యెను. ఆ విమానములు నీటిని ఉచితముగా దొరికిన బాటగా భావించినవి. కాని మన దేశమున నీరెన్నడును ఉచితము కాదు. ప్రతి చెరువు వెనుక త్రవ్వినవాడొకడుండును; ప్రతి చెరువు ముందు దానిపై బ్రతుకువాడొకడుండును.

చిత్రములో లేనివారు

విద్యార్థి చూపిన చిత్రము నిజమైనదే. కాని చిత్రము చట్రములోనిదానినే చూపును. చట్రము వెలుపల ఏమున్నదో విచారింతము.

1939 జూన్‌లో పాన్ అమెరికన్ సంస్థ ప్రయాణికులతో అట్లాంటిక్‌ను దాటుట ఆరంభించినప్పుడు ఒకవైపు ప్రయాణపు ఛార్జీ 375 డాలర్లు. అమెరికాలో అంతకుముందు సంవత్సరము చట్టము నిర్ణయించిన కనీస వేతనము గంటకు 25 సెంట్లు. వారమునకు 44 గంటల పని. ఆ లెక్కన ఒక కార్మికుడు 1,500 గంటలు, అనగా ముప్పదినాలుగు వారములకు పైగా, తిండియు బట్టయు మాని పొదుపు చేసినచో ఒకసారి సముద్రమును దాటగలడు. తిరిగి వచ్చుటకు మరల అట్లే చేయవలెను. ధనికమైన అమెరికా సంగతియే అది. కావున నేడు మనము ‘ఆ రోజులలో ప్రయాణమెంత హాయి’ యని నిట్టూర్చునప్పుడు, ఆ రోజులలో మనము ఎచ్చట కూర్చుండియుందుమో కూడ ఊహించుకొనుట న్యాయము. నాబోటి తెలుగు పంతులు ఆ భోజనశాలలో కూర్చుండెడివాడు కాడు.

మనవారెచ్చట నుండిరో చెప్పుటకు ఆ దారిలోనే రెండు పేర్లున్నవి. కరాచిలో ఎగురుపడవలు దిగిన ఉప్పుటేరు పేరు కోరంగి. మన కాకినాడ చెంతను కోరంగి యున్నది. రెండింటికి సంబంధము గలదని నేననను, పేరొక్కటి, అంతే. కాని మన కోరంగి పేరు బంగాళాఖాతమును దాటిపోయెను. ఆ రేవు 1839 నాటి తుపానుకు దెబ్బతిని క్షీణించినను, ఆ తీరమునుండి ఓడలెక్కి బర్మాకు పోయిన తెలుగు కూలీలను అచ్చటివారు ‘కోరంగీలు’ అనిరి. రంగూనులో ధాన్యపు మిల్లులలోను, ఓడరేవులోను మూటలు మోసినవారిలో వీరు అధికసంఖ్యాకులు. 1931 జనాభా లెక్కల ప్రకారము రంగూను జనులలో సగమునకు పైగా భారతీయులే. 1930 మే నెలలో రేవునందలి తెలుగు కూలీలు సమ్మె చేయగా, వారి స్థానమున బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె ముగిసి వీరు తిరిగి పనికి పోగా ఘర్షణ చెలరేగి, నగరమంతట హత్యాకాండగా మారెను.

ఎనిమిదేండ్ల తరువాత సిడ్నీకి పోవు ఎగురుపడవలు ఆ రంగూను నదిపైననే దిగుచుండెను. ఒకే నీటిపై ఒకనాడు రెండు ప్రయాణములు: ఆకాశమునుండి కమ్మీపై మోచేతులానించి దిగినవారిది ఒకటి, ఓడ పైతట్టుపై మూటలను ఆనుకొని కూర్చుండి వచ్చినవారిది మరియొకటి. మొదటిదాని జ్ఞాపకార్థము ప్రదర్శనశాలలు వెలసినవి. రెండవదానికి విశాఖపట్టణమున కంచరపాలెము చెంతనున్న బర్మా క్యాంపు వంటి పేటపేర్లును, ఉత్తర కోస్తా పల్లెలలో ముసలివారు చెప్పు కథలును మాత్రమే మిగిలినవి.

ఆ ప్రయాణమైనను చిత్రములోనంత హాయి కాదు. ఎగురుపడవలలో గాలి ఒత్తిడిని నిలుపు ఏర్పాటు లేదు. కావున మబ్బులపైకి పోలేక, వానలోను గాలికుదుపులలోను పడిలేచుచు పోవలసివచ్చెను. యంత్రముల హోరు చెవులను దిమ్మెక్కించును. ప్రమాదములును తక్కువ కావు. 1938 జూలైలో ‘హవాయి క్లిప్పర్’ 15 మందితో పసిఫిక్ మహాసముద్రముపై అదృశ్యమయ్యెను. నేటికిని దాని జాడ తెలియదు. 1939 జనవరిలో ‘కావలియర్’ యను ఎగురుపడవ న్యూయార్కునుండి బెర్ముడాకు పోవుచు, ఇంజనులలో మంచు పేరుకొనుటచే సముద్రమున దిగి మునిగెను. పదుముగ్గురిలో ముగ్గురు మరణించిరి. ఆ జూన్‌లో ‘సెంచూరియన్’ కలకత్తా కడ హుగ్లీపై దిగుచు గాలిదెబ్బకు నాశమయ్యెను. నీటిపై దిగవచ్చునను ధైర్యము అన్నివేళల నిలువలేదు.

వ్యాసుడు చెప్పిన గతకాలము

తెలుగు చదివినవారికి గతకాలమే మేలను భావము నన్నయగారి ఆదిపర్వమునుండి సామెతగా దక్కినది. మనమా మాటను పాత దినములపై బెంగకు వాడుకొందుము. కాని దాని సందర్భము వేరు. పాండురాజు మరణించిన పిదప వ్యాసుడు తన తల్లి సత్యవతితో పలికిన మాట యది. రాబోవు కాలము ఘోరమైనదని, కురువంశమునకు గొప్ప కీడు మూడనున్నదని ఆయన ఎరుగును. కావుననే ఆమెను తపోవనమునకు పొమ్మనెను. అది నిట్టూర్పు కాదు, హెచ్చరిక. గతము మేలుగా కనబడుట దాని గొప్పతనము వలన మాత్రమే కాదు. దాని వెనువెంట వచ్చినది భయంకరమగుట వలన.

ఎగురుపడవల కాలమునకు ఈ మాట సరిగా అతుకును. సిడ్నీ దారి పూర్తయిన మరుసటి యేడే యుద్ధము వచ్చెను. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధమున దిగగా మధ్యధరా సముద్రపు దారి మూతపడెను. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడెను. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను జపానువారి వశమయ్యెను. ఆ నెలలలో బర్మానుండి లక్షలాది భారతీయులు బయలుదేరిరి. ఓడ దొరకనివారు అడవులగుండ, కొండలగుండ కాలినడకన నడచిరి. వేలమంది ఆకలికి, మలేరియాకు, కలరాకు దారిలోనే రాలిపోయిరి. వారిలో మన కోరంగీలెందరో. నాలుగేండ్ల క్రిందట ఆ రేవుపై దిగిన సుందరమైన విమానములను గూర్చి వారినడిగియుండినచో ఏమనెడివారో మనమూహించుకొనవచ్చును.

అయినను విమానమును నిందించుట న్యాయము కాదు. అదే ఎగురుపడవ యుద్ధకాలమున మరియొక ముఖమును చూపెను. 1942 ఏప్రిల్ 4న సింహళమునందలి కొగ్గల సరస్సునుండి లేచిన ‘కాటలినా’ యను ఎగురుపడవలో కెనడా వైమానికుడు లెనార్డ్ బర్చాల్ హిందూమహాసముద్రమున జపాను నౌకాదళమును కనిపెట్టి రేడియోలో హెచ్చరిక పంపెను. పంపుచుండగనే శత్రువులు ఆ విమానమును కూల్చి ఆయనను బందీచేసిరి. మరునాడు కొలంబోపై దాడి జరిగెను. ఆ దండయాత్రలో భాగముగనే మరియొక జపాను దళమునుండి వచ్చిన విమానములు ఏప్రిల్ 6న మన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. 1944 జూన్‌లో ఉత్తర బర్మాలో అడవుల నడుమ చిక్కుకొన్న సైనికులను తరలించుటకు విమానబాట లేకపోయెను. అప్పుడు రెండు ‘సండర్లాండ్’ ఎగురుపడవలు ఇండాజీ సరస్సుపై దిగి, ఐదువందలకు పైగా రోగులను, క్షతగాత్రులను బ్రహ్మపుత్రకు చేర్చెను. చుట్టును కొండలు, పైన వానకాలపు మబ్బులు, వెండి పాత్రలు లేవు. నా దృష్టిలో ఎగురుపడవ చరిత్రలో స్మరింపదగిన ప్రయాణము ఇది. బాట లేనిచోట, ఆపదలో నున్నవానికొరకు నీటిపై దిగుట. దానికి అంతకంటె సార్థకమైన పని లేదు.

కారణము తొలగగానే

ఇక విద్యార్థి ప్రశ్నకు సూటియైన సమాధానము. యుద్ధము ఎగురుపడవను రెండు విధముల దెబ్బతీసెను. సేనలకొరకు లోకమంతట కాంక్రీటు బాటలు పరచిరి. బరువును, దూరమును మోయగల నేలవిమానములు పెక్కు తయారయ్యెను. పడవవంటి ఒడలు గాలిలో వేగమునకు అడ్డు. ఉప్పునీరు లోహమును తినివేయును. నీటిపై తేలు దుంగ యొక్కటి తగిలినను అడుగు చీలును. రాత్రి దిగుట కష్టము. అలలు లేచిన దినమున ప్రయాణమే లేదు. ప్రయాణికులను ఒడ్డునుండి వేరొక పడవలో చేర్చవలెను. బాటలు లేనప్పుడు ఇవన్నియు సహింపదగినవి. బాటలు రాగానే ఇవన్నియు దోషములు.

బ్రిటనులో ప్రభుత్వ సంస్థ 1950 నవంబరులో ఎగురుపడవలను మానివేసెను. సౌతాంప్టనునుండి మదీరా ద్వీపమునకు పోవు సర్వీసు 1958లోను, పసిఫిక్ దీవులమీదుగా తహీతి చేరు ‘కోరల్ రూట్’ 1960లోను ముగిసెను. పదేసి ఇంజనులతో నిర్మింపబూనిన ‘ప్రిన్సెస్’ ఎగురుపడవలు మూడింటిలో ఒక్కటి మాత్రము 1952 ఆగస్టులో ఎగిరెను. ఒక్క ప్రయాణికునైనను మోయక 1967లో తునుకలయ్యెను. విద్యార్థి చూపిన బోయింగ్ 314లు మొత్తము పండ్రెండు. వానిలో ఒక్కటియు నేడు లేదు. ఫోయిన్స్‌లో నున్నది నమూనా మాత్రమే.

అన్నిటికంటె స్పష్టమైన సాక్ష్యము ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హౌ అను చిన్న ద్వీపము. అచ్చట బాట లేదు. కావున లోకమంతట మానివేసిన పిమ్మటను సిడ్నీనుండి అచ్చటికి ఎగురుపడవ పోవుచునేయుండెను. 1974లో ఆ ద్వీపమున విమానబాట వేసిరి. ఆ యేడే ఎగురుపడవ నిలిచిపోయెను. ఎవరును దానిని ద్వేషింపలేదు. ఎవరికిని దాని అవసరము లేకపోయెను. కారణము లేనిచో కార్యము లేదని మన తార్కికులు చెప్పిన మాటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

నేటి ప్రయత్నములు

ఈ కొలబద్దతోనే నేటి ప్రయత్నములను చూడవలెను. వేయికి పైగా చిన్న దీవులు గల మాల్దీవులలో నీటివిమానములు దినదినము ఎగురుచున్నవి. కెనడా పశ్చిమ తీరమున రేవునుండి రేవునకు ప్రజలు వానిలో పోవుచున్నారు. అడవులు తగులబడునప్పుడు చెరువులనుండి నీటిని ముంచుకొని నిప్పుపై పోయు ఎగురుపడవలు ఐరోపా, కెనడాలలో పనిచేయుచున్నవి. అచ్చటచ్చట కారణము జీవించియున్నది; కావున విమానము జీవించియున్నది.

మన దేశపు అనుభవము వేరు. 2010 డిసెంబరు 30న ఆర్భాటముగా ప్రారంభించి అండమాను దీవులలో నడిపిన ‘జల హంస’ నిలువలేదు. 2013 జూన్‌లో కేరళములోని అష్టముడి కాయలునుండి ప్రారంభోత్సవము జరిగిన దినమున, దిగవలసిన ఆలప్పుళలో జాలరుల నిరసన వలన విమానము పోలేకపోయెను. 2020 అక్టోబరు 31న గుజరాతులో సబర్మతినుండి ఐక్యతా విగ్రహమునకు ప్రధానమంత్రి ప్రారంభించిన సర్వీసు 2021 ఏప్రిల్‌లో ఆగిపోయెను. ఫ్లారిడాలోని 1914 నాటి తొలి సర్వీసు నాలుగు నెలలు నడచెనని పైన చెప్పితిని. నూరేండ్ల తరువాత మనవి అంతకంటె ఎంతో ఎక్కువ నిలువకుండుటకు హేతువేమి? ముచ్చట తీరిన మీదట టిక్కెట్టు కొనువాడు కావలెను. ప్రయాణికునకు వేరొక దారి సులువుగా దొరికినచో వాడు రెండవసారి రాడు.

శ్రీశైలమునకు సంబంధించి మూడు ప్రశ్నలు అడుగదగినవి. మొదటిది నీటి ప్రశ్న. జలాశయపు పూర్తి నీటిమట్టము 885 అడుగులు. కాని అది వర్షమును బట్టి, క్రిందికి వదలు నీటిని బట్టి ఏడాది పొడవునను మారుచుండును. నేలబాట వేసవిలో ఇంకిపోదు, నీటిబాట ఇంకును. రెండవది మనుష్యుల ప్రశ్న. ఆ నీటిపై పుట్టివేసి చేపలు పట్టి బ్రతుకువారు గలరు. విమానము దిగువేళ వారిని తొలగుమనుటకు ముందు వారితో మాటలాడినవారెవరు? కేరళపు పాఠము ఇదియే. చుట్టునున్న నల్లమల పులుల అభయారణ్యమను మాట కూడ మరువరాదు. మూడవది ప్రయోజనమును గూర్చిన ప్రశ్న. యాత్రికుల వినోదమునకు మాత్రమేయైనచో అది గుజరాతు దారిలోనే పోవచ్చును. దానితోపాటు ఆసుపత్రికి దూరమైన తీరగ్రామములనుండి రోగిని, గర్భిణిని తెచ్చు ఏర్పాటు కూడ ఉన్నచో దానికి నిలుచుటకు కాళ్లు దొరకును. ఇందును అతిశయోక్తి పనికిరాదు. 2022 జూలైలో భద్రాచలము కడ గోదావరి 71 అడుగులు దాటినప్పటి వంటి వరదలో, దుంగలు కొట్టుకొని వచ్చు ప్రవాహముపై ఏ నీటివిమానమును దిగజాలదు. అప్పుడు హెలికాప్టరే శరణ్యము. ఏ పనిముట్టు ఏ పనికి పనికివచ్చునో తెలిసికొనుటయే వివేకము.

నేను నీటివిమానములకు విరోధిని కాను. పనికివచ్చునని తేలినచో కృష్ణపైనను గోదావరిపైనను అవి దిగవలెనని కోరువాడనే. ప్రభుత్వమువారు వీనిని ప్రారంభోత్సవపు చిత్రములను బట్టి గాక, రెండవ యేడు వేసవిలో ఎన్ని ప్రయాణములు జరిగినవో, వానిలో ఎందరు రోగులు వచ్చిరో, జాలరుల రాబడి ఏమైనదో లెక్క కట్టి ప్రజలకు తెలుపవలెనని నా మనవి.

ఉపాధ్యాయ సోదరులకు మరియొక మాట. పిల్లలు పాత చిత్రములను చూచి ముచ్చటపడినప్పుడు వారిని వారింపవలదు. భూమిని చూచుటకై కిటికీ కడకు పోవు ఆ అలవాటు నేర్వదగినదే. నేడు విమానమున కూర్చున్న మనము తెరలు దించుకొని నిద్రపోవుచున్నాము. సౌతాంప్టను మొదలు సిడ్నీ వరకు గల రేవులను పటముపై గుర్తింపజేసినచో ఒక్క గంటలో భూగోళమును, చరిత్రను కలిపి చెప్పవచ్చును. ఆ పటముపైననే కాకినాడనుండి రంగూనుకు రెండవ గీతనొకటి గీయించి, ఆ ఓడలలో ఎవరు పోయిరో, 1942లో ఎట్లు తిరిగివచ్చిరో కూడ అడుగవలెను. రెండు గీతలును రంగూనులో కలియును. మొదటిదానిని మాత్రమే తలచుకొన్నవానికి మోహము మిగులును. రెండింటిని తలచుకొన్నవానికి చరిత్ర తెలియును.

మరునాడు ఆ విద్యార్థిని పిలిచి నేను చెప్పిన సమాధానము క్లుప్తమైనది. ‘బాటలు లేనినాడు అది పుట్టినది, బాటలు వచ్చిననాడు పోయినది. నేటికిని బాట లేనివారెవరో వెదకుము. వారికొరకు అది మరల రావచ్చును.’ వాడు కొంతసేపు ఆలోచించి, తమ తాతగారి తండ్రి రంగూనునుండి నడచివచ్చెనని ఇంటిలో చెప్పుకొందురనియు, ఆ సంగతి వివరముగా నాయనమ్మను అడిగి వ్రాసి తెచ్చెదననియు చెప్పెను. ఆ వ్రాత కొరకు ఎదురుచూచుచున్నాను.